అమ్మ లెక్క: కథ పంపిన బిడ్డకు ఒక ఉత్తరం

నల్లగొండ

బిడ్డా,

నీ కథ అందింది. మొదటిసారి కథ కోసం చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. మక్తల్ బస్టాండులో బొంబాయి బస్సు దిగిన తల్లిని తొమ్మిదేళ్ల పిల్ల గుర్తుపట్టదు. పక్కనున్న నాయనమ్మ మాత్రం పిల్ల మొహాన్ని, తల్లి మొహాన్ని మార్చి మార్చి చూసి కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది. ఆ ఒక్క పేజీ కోసమే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. పాలమూరు వలస మీద తెలుగులో చాలా వచ్చింది. నువ్వు ఇంగ్లిష్‌లో ఎందుకు రాశావని అడగను. కథ ఎవరి చేతికి చేరాలో రాసినవాళ్లకే తెలుస్తుంది.

నీ కథంతా పోలిక మీద నడుస్తుంది. పిల్లది అచ్చం తల్లి మొహమే అని ఊరంతా అంటుంది. పిల్లకేమో తల్లి మొహం గుర్తులేదు. తనకు తెలియని మొహం ఒకటి తన మొహంలోనే ఉందని వింటూ పెరుగుతుంది. ఇట్లాంటి కథలో పోలిక చెప్పే వాక్యం గాడి తప్పితే చదివేవాడికి కథే అందకుండా పోతుంది. అందుకే స్పెల్లింగులు, కామాల జోలికి పోలేదు. అవి ఎవరైనా దిద్దిపెడతారు. ఒకరు ఇంకొకరి లెక్క ఉన్నారని, ఒకరికన్నా ఒకరు బక్కగా ఉన్నారని, ఏడ్చినట్టున్నారని నువ్వు చెప్పిన చోట్లనే పెన్సిల్ పెట్టాను.

ముందు నా సంగతి ఒకటి చెబుతాను. ముప్పై ఏళ్లు దాటిన కొత్తలో మా నాయనమ్మ గురించి ఇంగ్లిష్‌లో ఒక వ్యాసం రాసి పత్రికకు పంపాను. అచ్చయింది. మాకు పానగల్లు చెరువు కింద రెండెకరాల మడి ఉండేది. నారు పోసేది నాయనమ్మే, నాటుకు కూలీలను పిలుచుకొచ్చేది ఆమే, నీళ్ల వంతు కోసం అర్ధరాత్రి లాంతరు పట్టుకుని తూముకాడికి పోయేదీ ఆమే. ఈ ముచ్చటంతా రాసి ఒకచోట ‘ఆల్ హర్ లైఫ్ షి వర్క్‌డ్ లైక్ ఎ ఫార్మర్’ అన్నాను. ఇంగ్లిష్ బాగా తెలిసిన ఒక పెద్దాయన అది చదివి, కలిసినప్పుడు ఎంతో మర్యాదగా అడిగాడు: ‘మీ నాయనమ్మగారు ఏం పని చేసేవారు?’

‘వ్యవసాయమే కదండీ’ అన్నాను.

‘అట్లనా! రైతులాగా కష్టపడ్డారని రాశారు కదా, ఆమె రైతు కాదేమో, వేరే పనిలో ఉండి రైతంత కష్టం చేశారేమో అనుకున్నాను’ అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పట్టాదారు పాసు పుస్తకంలో తాత పేరే ఉండేది. ఇంటికి వచ్చి వివరాలు రాసుకునేవాళ్లు ఎవరొచ్చినా నాయనమ్మను ఇంటిపని కింద రాసుకుని పోయేవాళ్లు. ఏ కాగితంలోనూ ఆమె రైతు కాదు. ఆమె రైతని చెప్పడానికి మిగిలిన ఒక్క కాగితం నేను రాసిన ఆ వ్యాసమే. అందులో కూడా ఒక్క ‘లైక్’తో ఆమెను రైతు కాకుండా చేశాను.

తెలుగులో రాసి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు. ‘జీవితమంతా రైతుగా బతికింది’ అని చెయ్యి దానంతటదే రాసేది. మన నోట్లో ఆ తేడా పుట్టుకతోనే ఉంది. ‘ఆమె బడిలో టీచర్‌గ చేస్తున్నది’ అంటే ఆమె ఉద్యోగమే అది. ‘టీచర్ లెక్క చేస్తున్నది’ అంటే టీచర్ కాదు, పెత్తనం మాత్రం అట్లా చేస్తున్నదని. చదువు రాని ముసలమ్మ కూడా ఈ రెండింటినీ ఎన్నడూ కలిపెయ్యదు. ఇంగ్లిష్‌లో ఈ ‘గా’ పనిని యాజ్ చేస్తుంది, ‘లెక్క’ పనిని లైక్ చేస్తుంది. నేను రాయాల్సింది ‘వర్క్‌డ్ యాజ్ ఎ ఫార్మర్’. ఇప్పుడైతే అదీ రాయను. ‘షి ఫార్మ్‌డ్ టూ ఏకర్స్’ అని నేరుగా చెప్పేస్తాను. (చెరువును ట్యాంక్ అని రాస్తావేమో, అక్కడ కూడా ఆగి చూసుకో. మన దేశం బయట చదివేవాళ్లలో చాలామందికి ఆ మాట వింటే ఇంటిమీద నీళ్ల ట్యాంకో, యుద్ధం ట్యాంకో కళ్ల ముందుకొస్తుంది.)

నీకు ఈ ఉత్తరంలో చెప్పదలుచుకున్న పెద్ద మాట ఇదే. లైక్ అనే మాట రెండింటిని దగ్గరికి తెస్తూనే, ఇది అది మాత్రం కాదు అని కూడా చదివేవాడి చెవిలో వేస్తుంది. ‘షి లుక్స్ లైక్ ఎ క్వీన్’ అన్నామంటే ఆమె రాణి కాదని అందరికీ అర్థమైపోతుంది, ఇబ్బంది లేదు. మీ పాలమూరు పిల్లలమర్రిని దూరం నుంచి చూసి ‘ఇట్ లుక్స్ లైక్ ఎ హిల్’ అన్నా సరిగ్గా సరిపోతుంది. ఊడలు దిగి దిగి, ఏది మొదటి మానో తెలియకుండా అల్లుకున్న ఆ చెట్టు దూరానికి చిన్న గుట్ట లెక్కనే కనబడుతుంది, గుట్ట మాత్రం కాదు. కానీ నీ కథ మూడో పేజీలో నాయనమ్మ పెట్టె తీసి గద్వాల చీర చూపిస్తుంది కదా, అక్కడ ‘ద బార్డర్ లుక్డ్ లైక్ సిల్క్’ అన్నావు. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండింటినీ కలిపి నేయడంలోనే దాని పనితనమంతా ఉంది. ‘పట్టులా కనబడింది’ అనేసరికి చదివేవాడు అది పట్టు కాదేమో, మెరిసే వేరే దారమేమో అనుకుంటాడు. ‘ద బార్డర్ వాజ్ సిల్క్’ అని రాయి, ఆ మగ్గం మీద కూర్చున్న మనిషికి చెందాల్సింది చెందుతుంది.

బస్టాండు పేజీలో ఇంకొకటి. తల్లిని చూపిస్తూ ‘షి లుక్డ్ లైక్ ఎ లేబరర్’ అని రాశావు. ఆమె పోయిందే బొంబాయికి, ఇమారతుల మీద ఇటుకలు మోయడానికి. ఆమె కూలి మనిషే. అట్లని వాక్యం కొట్టెయ్యమని చెప్పను, ఎందుకంటే అది పిల్ల కళ్లతో చూసింది. పిల్లకు ఆ బస్సు దిగిన ఆడమనిషి ఎవరో తెలియదు, ఎవరో కూలి ఆమె లెక్క ఉంది అనుకుంటుంది. పిల్ల అనుకోలు అయితే లైక్ ఉండనివ్వు. కథ చెప్పే నువ్వు అంటున్నావంటే తీసెయ్. ఎవరి కళ్లతో చూస్తున్నావో తేలితే ఏ మాట పెట్టాలో అదే తేలుతుంది.

ఇక ‘నట్టు’. ‘ఏడ్చినట్టున్నది’, ‘రాత్రంతా నిద్ర లేనట్టున్నది’ అంటాం. ఈ ‘నట్టు’ వెనకాల ఎప్పుడూ ఒక క్రియ ఉంటుంది, మొత్తం ఒక చిన్న వాక్యమే దాక్కుని ఉంటుంది. ఇంగ్లిష్‌లో దానికి యాజ్ ఇఫ్ ఉంది: ‘షి లుక్డ్ యాజ్ ఇఫ్ షి హాడ్ బీన్ క్రయింగ్’. మాట్లాడేటప్పుడు అక్కడ కూడా లైక్ వాడేస్తారు, ఇప్పుడు చాలామంది రాస్తున్నారు కూడా. దాని మీద అమెరికాలో పెద్ద గొడవే జరిగింది. 1954లో విన్‌స్టన్ సిగరెట్ల ప్రకటనలో, వాక్యం ముందు యాజ్ రావలసిన చోట లైక్ పెట్టారని వ్యాకరణం పట్టింపు ఉన్నవాళ్లు మండిపడ్డారు. ప్రకటన మాత్రం జనం నోళ్లలో నిలిచిపోయింది. నా సలహా ఇది: కథ చెప్పే గొంతులో యాజ్ ఇఫ్ వాడు, పాత్రలు మాట్లాడుకునేటప్పుడు లైక్ రానివ్వు. నీ బస్సు కండక్టర్ ‘లుక్స్ లైక్ ఇట్స్ గోయింగ్ టు రెయిన్’ అంటే ఎవరూ తప్పు పట్టరు.

యాజ్ ఇఫ్ తర్వాత క్రియ ఎట్లా ఉండాలన్నది కూడా మన చెవికే తెలుస్తుంది. ‘ఏడ్చినట్టున్నది’ అన్నప్పుడు నిజంగా ఏడ్చి ఉండొచ్చు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. ‘దయ్యం పట్టినట్టు ఊగింది’ అన్నప్పుడు దయ్యం పట్టలేదని మనకు తెలుసు. ఆ రెండో రకానికి, జరగనిదని తెలిసినదానికి, ఇంగ్లిష్ వాళ్లు క్రియను ఒక అడుగు వెనక్కి జరుపుతారు. ‘షి వాక్స్ యాజ్ ఇఫ్ షి వర్ ఎ క్వీన్’ అంటారు. నడక ఇప్పటిదే, అయినా అక్కడ వర్ వస్తుంది. నిజమయ్యే వీలున్న చోట ఆ జరపడం అక్కర్లేదు.

ఇప్పటిదాకా తెలుగు చెవిని నమ్ముకో అన్నాను. అది మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి, అక్కడ నువ్వు గట్టిగానే పడ్డావు. మన ‘గా’ ఒక్కటే రెండు పనులు చేస్తుంది. ‘అమ్మ కోపంగా కనబడింది’, ‘అమ్మ కోపంగా చూసింది’. మనకు రెండూ ఒకటే కోపంగా. ఇంగ్లిష్‌లో మొదటిది ‘షి లుక్డ్ యాంగ్రీ’, రెండోది ‘షి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ మి’. మొదటి వాక్యంలో చూసేది మనం, ఆమె కోపంతో ఉన్నట్టు మనకు కనబడుతోంది. రెండో వాక్యంలో చూసేది ఆమె, ఆ చూపు మన మీద పడుతోంది. లుక్ అనే మాటకు ‘కనబడు’ అనీ, ‘చూడు’ అనీ రెండు అర్థాలు ఉండబట్టే ఈ తిప్పలు. కనబడు అనే అర్థంలో వాడినప్పుడు దాని పక్కన విశేషణమే రావాలి. ‘ద సారీ లుక్డ్ బ్యూటిఫుల్లీ’ అని రాశావు, అంటే చీరకు కళ్లుండి అందంగా చూసినట్టు అయ్యింది. ‘లుక్డ్ బ్యూటిఫుల్’ చాలు. ‘షి లుక్డ్ లైక్ టైర్డ్’ అన్న చోట లైక్ కొట్టేశాను. లైక్ పక్కన ఒక మనిషో వస్తువో ఉండాలి, టైర్డ్ అనే గుణాన్ని దానికి అంటగట్టకూడదు. ‘షి లుక్డ్ టైర్డ్.’ మూడే మాటలు. ఆ బస్సు ప్రయాణమంతా అందులో ఉంది.

మనవాళ్ల ఇంగ్లిష్‌లో, చదువుకున్నవాళ్ల రాతల్లో కూడా, నేను ఎక్కువ చూసే తప్పు నీ కథ మొదటి వాక్యంలోనే ఉంది: ‘ఐ ఫర్గాట్ హౌ షి లుక్స్ లైక్.’ ‘ఎట్లుంటది’ అన్న మాటలోని ‘ఎట్ల’ను హౌ చేసి, లైక్‌ను కూడా తగిలించావు. ఇంగ్లిష్‌లో ఆ రెండూ ఒక వాక్యంలో ఇమడవు. లైక్ పెట్టాక ఇంగ్లిష్ వాడి చెవి ‘దేని లెక్క?’ అని వెతుక్కుంటుంది. ‘దేని’ అంటే వాట్. అందుకే వాట్ షి లుక్స్ లైక్. నీ వాక్యం గడిచిన సంగతి కాబట్టి ‘ఐ హాడ్ ఫర్గాటెన్ వాట్ షి లుక్డ్ లైక్’ అవుతుంది. చూడు, ‘వాట్ డిడ్ షి లుక్ లైక్’ అని ప్రశ్న వరస అక్కడ రాకూడదు, అది వాక్యం కడుపులో ఉన్న ప్రశ్న.

ఇంకా లోతుకు పోదాం, ఎందుకంటే ఇక్కడ మన భాష ఇంగ్లిష్‌కు ఏమాత్రం తీసిపోదు. పెళ్లి సంబంధం వచ్చిందనుకో. మన ఇళ్లలో ఆడవాళ్లు మూడు ప్రశ్నలు అడుగుతారు. ‘పిల్ల ఎట్లుంటది?’ అంటే రూపం. దానికి ‘వాట్ డజ్ షి లుక్ లైక్?’. ‘పిల్ల ఎసొంటిది?’ అంటే గుణం. దానికి ‘వాట్ ఈజ్ షి లైక్?’. ‘పిల్ల ఎట్లున్నది?’ అంటే ఇప్పుడు బాగున్నదా, ఒంట్లో ఎట్లా ఉన్నది అని. దానికి ‘హౌ ఈజ్ షి?’. ఇంకొకటి కూడా ఉంది, పట్టుచీర కట్టుకుని గడపలోకి వచ్చిన పిల్లను చూపిస్తూ ‘ఎట్ల కనబడుతున్నది?’ అంటాం. దానికి ‘హౌ డజ్ షి లుక్?’. ఈ నాలుగు ప్రశ్నలూ మీ అమ్మకూ, మీ నాయనమ్మకూ నోటికి వచ్చినవే. ఎట్లుంటదికీ ఎసొంటిదికీ తేడా తెలిసిన పిల్లకు, ‘లుక్ లైక్’కూ ‘బి లైక్’కూ తేడా నేర్పడానికి ఏ గ్రామర్ పుస్తకమూ అక్కర్లేదు. తెలుగు ప్రశ్నను ముందు నోట్లో అనుకుని, అది నాలుగింటిలో ఏదో చూసుకుని అప్పుడు రాయి.

ఇప్పుడు చేతుల దగ్గరికి వద్దాం. ‘హర్ హ్యాండ్స్ వర్ రఫర్ దాన్ మై గ్రాండ్‌మదర్.’ ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను, ఎందుకంటే కథలో నాకు ఎక్కువ నచ్చిన చోటు అదే. ఇరవై ఏడేళ్ల మనిషి చేతులు, అరవై ఏళ్ల అత్త చేతులకన్నా మొరటుబారి ఉండటం. తెలుగులో ‘ఆమె చేతులు అత్తకన్నా మొరటుగున్నయి’ అంటే అందరికీ అర్థమవుతుంది. చేతులను చేతులతోనే పోలుస్తున్నామని వినేవాళ్లు పూరించుకుంటారు. రాసిన ఇంగ్లిష్‌లో ఆ సాయం దొరకదు. నువ్వు చేతులను ఒకవైపు పెట్టి, రెండోవైపు ముసలమ్మనంతా పెట్టావు. తక్కెడలో ఒకవైపు చేతులుంటే రెండోవైపు కూడా చేతులే ఉండాలి. ‘దాన్ మై గ్రాండ్‌మదర్స్’ అని చివర ఒక ఎస్, దాని ముందు చిన్న కొక్కెం పెడితే చాలు. అదే తప్పు ‘మై ఫేస్ ఈజ్ సేమ్ లైక్ మై మదర్’లోనూ ఉంది. మొహాన్ని మొహంతో పోల్చాలంటే ‘మై ఫేస్ ఈజ్ లైక్ మై మదర్స్’. మనిషిని మనిషితో పోల్చాలంటే ‘ఐ లుక్ లైక్ మై మదర్’. సేమ్ వాడాలనుకుంటే దాని ముందు ద, వెనక యాజ్ రావాలి. సేమ్, లైక్ రెండూ పక్కపక్కన కూర్చోవు.

ఈ తక్కెడ సంగతి నాకు బుర్రకెక్కింది కూడా పానగల్లులోనే. ఛాయా సోమేశ్వరాలయం నువ్వు చూసే ఉంటావు, చూడకపోతే నల్లగొండ వచ్చినప్పుడు తీసుకెళ్తాను. పొద్దు ఏ వైపు ఉన్నా గర్భగుడిలో శివలింగం మీద ఒక నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. ఒకసారి మా క్లాసు పిల్లల చేత దాని గురించి ఇంగ్లిష్‌లో రాయించాను. సగం మంది ‘ద షాడో లుక్స్ లైక్ ఎ పిల్లర్’ అన్నారు. ఒకమ్మాయి మాత్రం ‘ద షాడో లుక్స్ లైక్ దట్ ఆఫ్ ఎ పిల్లర్’ అని రాసింది. మొదటి వాక్యం చదివితే నీడే స్తంభంలా నిలబడి ఉన్నట్టు, ముట్టుకుంటే చేతికి తగిలేట్టు ఉంటుంది. అదీ చూడటమే, ఒక కవి అట్లా రాస్తే నేను దిద్దను. కానీ గుడిలోకి వెళ్లినవాళ్లు ఆశ్చర్యపోయేది అందుకు కాదు. అది స్తంభం నీడలాగే ఉంది, మరి ఏ స్తంభం నీడ, పొద్దుతో పాటు ఎందుకు జరగదు అని. ఆ ఆశ్చర్యం రెండో వాక్యంలోనే ఉంది. ‘దట్ ఆఫ్’ అనే రెండు చిన్న మాటలు నీడ పక్కన నీడను తెచ్చి పెట్టాయి. బహువచనమైతే ‘దోజ్ ఆఫ్’ రావాలి.

ఫోటో వాక్యం కూడా ఇదే కోవ. ‘షి వాజ్ మోర్ థిన్నర్ దాన్ ద ఫోటో.’ మోర్ ఎట్లాగూ తీసెయ్యాలి, థిన్నర్‌లో అది ముందే ఉంది. మనకు ‘కన్నా’ ఒక్కటి పెడితే చాలు, పొడుగు పొడుగుగానే ఉంటుంది, బక్క బక్కగానే ఉంటుంది. ఇంగ్లిష్‌లో గుణం మాట తానే మారుతుంది, అది మనకు అలవాటు లేక మారినదాని ముందు ఇంకొక మోర్ పెడతాం. (నాలుగు వందల ఏళ్ల కిందట షేక్‌స్పియర్ కూడా అట్లాంటి జోడు మాటలు వాడాడు, ఆ రోజుల్లో అది తప్పు కాదు. ఇప్పుడు తప్పే.) అసలు సంగతి ఫోటో దగ్గర ఉంది. ‘ఫోటో కంటే సన్నగా’ అని ఇంగ్లిష్‌లో ఉన్నదున్నట్టు చదివితే, కాగితం కంటే సన్నగా అని అవుతుంది. ‘థిన్నర్ దాన్ ఇన్ ద ఫోటో’ అని ఒక ఇన్ పెట్టు. ఫోటోలో ఉన్నప్పటి కంటే.

ఆ పక్కనే నువ్వు రాయకుండా వదిలేసిన మాట ఒకటి ఉంది, అది నీ కథకే పుట్టినట్టుంది: ‘దాన్ ఐ రిమెంబర్డ్’. నాకు గుర్తున్నదానికన్నా. ‘షి వాజ్ షార్టర్ దాన్ ఐ రిమెంబర్డ్.’ పోలికలో రెండోవైపు ఇంకో మనిషే ఉండాలని లేదు. ఫోటో ఉండొచ్చు, ఊహ ఉండొచ్చు, పోయిన ఏడాది ఉండొచ్చు. మొదటి వాక్యంలో తల్లి రూపం మరిచిపోయానన్న పిల్ల, బస్టాండులో ‘గుర్తున్నదానికన్నా పొట్టిగా ఉంది’ అనుకుంటే, ఏదో ఒక మూల గుర్తుందన్నమాట. నువ్వు ఒక పేజీ పెట్టి చెప్పాలనుకున్నది అదే కదా. ఆలోచించు, ఒప్పకపోతే వదిలెయ్.

రంగు దగ్గర నీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. ‘మోర్ బ్లాక్ దాన్ మి’ అని రాశావు. మనుషుల గురించి అన్నప్పుడు బ్లాక్ అనే మాట ఇంగ్లిష్‌లో జాతిని చెబుతుంది, ఒంటి చాయను కాదు. చాయకు డార్క్ ఉంది, ‘డార్కర్ దాన్ ఐ యామ్’ అను. ‘దాన్ మి’ కూడా చెల్లుతుంది, ‘దాన్ ఐ యామ్’ ఇంకా పద్ధతిగా ఉంటుంది. ఇంకోచోట వీటిష్ అన్నావు, అది మన పెళ్లి ప్రకటనల మాట, మన దేశం దాటితే చాలామందికి తెలియదు. అన్నిటికంటే ముందు, ఆమె ఎందుకు నల్లబడిందో నీకు తెలుసు. ఏడేళ్లు ఎండలో, సిమెంటు దుమ్ములో పనిచేసింది. ‘షి హాడ్ గ్రోన్ డార్కర్ ఇన్ ద సన్’ అంటే అందులో ఆ ఏడేళ్లూ ఉంటాయి, ఎవరి చాయ ఎక్కువ, ఎవరిది తక్కువ అన్న కొలత ఉండదు. చాయను కొలిచే వాక్యాలు మన ఆడపిల్లలు పుట్టినప్పటి నుంచి వింటూనే ఉన్నారు. నీ కథలో ఇంకొకటి వద్దు.

బక్కగా ఉండటానికి నువ్వు స్లిమ్మర్ వాడావు. స్లిమ్ అంటే మెచ్చుకోలు. తిండి తగ్గి చిక్కిపోయిన మనిషికి థిన్ గానీ గాంట్ గానీ చెల్లుతుంది. ‘లుక్డ్ వెరీ ఓల్డర్’ అన్నావు, అక్కడ వెరీ పోయి మచ్ రావాలి. ‘చాలా ముసలి’కి వెరీ ఓల్డ్, ‘చాలా ఎక్కువ ముసలి’కి మచ్ ఓల్డర్. ‘ఓల్డర్ దాన్ హర్ ఏజ్’ కంటే ‘ఓల్డర్ దాన్ షి వాజ్’ సాఫీగా పోతుంది. ‘రిజెంబ్లింగ్ టు’ను రెండుచోట్ల దిద్దాను: రిజెంబుల్ పక్కన టు గానీ విత్ గానీ రాదు, దానికి సాధారణంగా ఇంగ్ కూడా తగిలించరు. ‘ఐ రిజెంబుల్ మై మదర్’, అంతే. టు కావాలంటే సిమిలర్ తీసుకో, దాని పక్కన మాత్రం టు తప్పదు. అలైక్ అనే మాట పేరుకు ముందు రాదు, వెనకే వస్తుంది. ఆలంపూర్ గుడులు చూసి ‘ద టెంపుల్స్ లుక్ అలైక్’ అనొచ్చు, ‘అలైక్ టెంపుల్స్’ అనకూడదు. అస్లీప్, అలైవ్ అనే మాటలదీ అదే దారి.

‘దాన్’ రాయాల్సిన చోట ‘దెన్’ అని మూడుసార్లు రాశావు. దీనికి నిన్ను తప్పు పట్టను. ఈ రెండూ ఒకప్పుడు ఒకే మాట, దాదాపు 1700 నాటికి గానీ రాతలో పూర్తిగా విడిపోలేదు. మన నోట్లో ఇప్పటికీ విడిపోలేదు. పోలిక చెప్పే మాటలో ఇంగ్లిష్ అక్షరం ‘ఏ’ (a), కాలం చెప్పే మాటలో ‘ఈ’ (e). రాయడం అయిపోయాక ఈ ఒక్క మాట కోసం కథంతా ఒకసారి వెతికి చూసుకో.

‘నాయన పోలిక వచ్చింది’, ‘మేనత్త పోలిక’ అనే మాటకు ఇంగ్లిష్‌లో టేక్ ఆఫ్టర్ ఉంది. ‘షి టేక్స్ ఆఫ్టర్ హర్ మదర్.’ రూపానికీ చెల్లుతుంది, గుణానికీ చెల్లుతుంది. కానీ అది కిందివాళ్లు పైవాళ్ల నుంచి తెచ్చుకునేది. నువ్వు ఒకచోట తల్లి బిడ్డను ‘టేక్స్ ఆఫ్టర్’ అని రాశావు. ఏరు ఎగువకు పారదు కదా, అక్కడ లుక్ లైక్ పెట్టాను. అది ఎటైనా పోతుంది. బస్టాండులో నాయనమ్మ ముందు చూసింది పిల్లను, ఆ తర్వాత తల్లిని, కాబట్టి ‘తల్లి బిడ్డ లెక్క ఉంది’ అని ఆమెకు అనిపించడం చాలా నిజం. దాన్ని మార్చకు.

ఉపమానాల గురించి ఒక మాట. నాయనమ్మ జుట్టును ‘యాజ్ వైట్ యాజ్ స్నో’ అన్నావు. ఆ ముసలమ్మా, నువ్వూ, నేనూ మంచు ఎక్కడ చూశాం? మీ చేన్ల నిండా పత్తి ఉంది. పగిలిన కాయలోంచి బయటికొచ్చిన దూది తెలుపు, దానిమీద కొంచెం దుమ్ము, అక్కడక్కడ అంటుకున్న ఎండాకు పొట్టు. ఆ తెలుపు తీసుకుపో ఇంగ్లిష్‌లోకి. యాజ్ వైట్ యాజ్ అనే చట్రం వాళ్లది, దాంట్లో పెట్టే వస్తువు నీది. అయితే మన పోలికలన్నీ అట్లా సాఫీగా దాటవు. పిల్ల మొహాన్ని చందమామతో పోల్చి మూన్-ఫేస్‌డ్ అన్నావు. మనకు అది ముద్దు మాట. ఇంగ్లిష్‌లో అది గుండ్రటి మొహం మాత్రమే. పైగా స్టెరాయిడ్ మందులు ఎక్కువ కాలం వాడితే మొహం ఉబ్బుతుంది, డాక్టర్లు దానికి పెట్టుకున్న పేరే మూన్ ఫేస్. చందమామను వదులుకోమని కాదు. నాయనమ్మ నోట్లో పెట్టు, ‘షి సెడ్ మై ఫేస్ వాజ్ లైక్ ద మూన్’ అను. ఒక ముసలమ్మ ముద్దుగా అంటున్నదని చదివేవాడికి ఆమె గొంతులోనే తెలుస్తుంది.

కాగితాలు ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. పెన్సిల్ గీతలు చెరిపెయ్యొచ్చు, ఒప్పుకున్నవే ఉంచుకో. చివరి పేజీ మీద ఒక్క గీత కూడా పెట్టలేదు, ఒక సంగతి తెలియక ఆగాను. గోడ మీది ఫోటోలో అమ్మ కట్టుకున్నది నారాయణపేట చీర అన్నావు, ఆకుపచ్చ మీద ఎర్ర అంచు. బస్సు దిగినప్పుడు కూడా ఆకుపచ్చ చీరే. ‘షి వాజ్ వేరింగ్ ద సేమ్ లైక్ సారీ’ అని రాశావు. అది ఫోటోలో ఉన్న చీరేనా? అదే అయితే ‘ద సేమ్ సారీ’. ఏడేళ్లు బొంబాయిలో మడతపెట్టి దాచుకుని, ఊరికి వచ్చే రోజు కట్టుకున్నదన్నమాట. అది చిరిగిపోయి, అట్లాంటిదే ఇంకొకటి వెతికి కొనుక్కున్నదైతే ‘ఎ సారీ లైక్ ఇట్’. ఏది జరిగిందో మీ అమ్మను అడిగి రాయి.

ఆశీస్సులతో,
మీ సార్